గోధుమపిండి వేటకూర

మొగలిలంకలో గవర్రాజు ఇంటిని ఊరంతా తెలివైనవాళ్ళ ఇల్లు అంటారు. అనేటప్పుడు నోటికి కండువా అడ్డం పెట్టుకుని అంటారు, అది వేరే సంగతి. గవర్రాజు ఆ మాట విని విని పొంగిపోయి, పెయింటరును పిలిపించి గేటు మీద "తెలివైనవాళ్ళ ఇల్లు" అని పచ్చరంగుతో రాయించాడు. పెయింటరు బుద్ధిమంతుడు. నవ్వు ఆపుకుని పని పూర్తిచేసి, వీధి మలుపు తిరిగాక నవ్వుకున్నాడు.

ఆ ఇంట్లో తెలివికి వరసలున్నాయి. మొదటి స్థానం గవర్రాజుది, ఇంటికి పెద్ద కాబట్టి. రెండోది నాగరత్నానిది, ఆయన భార్య కాబట్టి. మూడోది తమ్ముడు తాతబ్బాయిది, ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి. తన స్థానం తాతబ్బాయికి బాగా తెలుసు. ఏం అడగాలన్నా ముందు "నాకెలాగూ తెలివి తక్కువ" అనేసి, ఆ తర్వాతే అడిగేవాడు. అలా అడిగిన ప్రశ్నకి అన్నావదినలు చెప్పే జవాబు విన్నాక ప్రశ్నే నయమనిపించేది. ఈ కథ చెబుతున్నవాడికీ ఆ ఇంటితో చుట్టరికం ఉంది. ఎంత దగ్గర చుట్టరికమో మాత్రం అడక్కండి.

తాతబ్బాయికి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు. వచ్చినవాళ్ళు గేటు మీద రాత చదివి ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికొచ్చేవాళ్ళు, గవర్రాజుతో నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళు, కాఫీ చల్లారకముందే లేచేవాళ్ళు. ఒకాయన "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగాడు. గవర్రాజు లోపలికి తొంగిచూసొచ్చి "కూర్చున్నాడండి" అన్నాడు. "అబ్బే, మామూలుగా ఏం చేస్తాడని." "మామూలుగా కూడా కూర్చునే ఉంటాడండి." అంతే. ఆయన మళ్ళీ కనబడలేదు.

చివరికి ఏటి అవతల నించి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికూతురు చంద్రకళ. ఫొటోలో కళ్ళు మూసుకుని మరీ నవ్వుతోంది. తాతబ్బాయి ఆ ఫొటోను జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ నవ్వు ఇంట్లో వినబడాలని అతనికి ఎంత కోరికగా ఉందంటే, ఈ సంబంధం కూడా కాఫీ దగ్గరే ఆగిపోతే ఇంక ఎవరినీ రానివ్వొద్దని అన్నయ్యకి చెప్పేద్దామనుకున్నాడు.

చంద్రకళను తీసుకుని ఆమె తండ్రి ధర్మారావు ఆదివారం భోజనాల వేళకి ఇల్లు చూసుకోవడానికి వస్తానన్నాడు. ఆ కబురు తెచ్చిన మధ్యవర్తి ఇంకో ముక్క కూడా చెప్పాడు. కిందటేడు ధర్మారావుగారి గేదెను పాము కరిచింది. గేదె బతికితే మా ఇంట ఎవరం మాంసం ముట్టం అని ఆయన మొక్కుకున్నాడు. గేదె బతికింది. ఆ రోజు నించి ఆ ఇంట్లో మాంసం లేదు. ముడితే గేదె పోతుందని ఆయన భయం.

గవర్రాజు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఎందుకంటే వియ్యంకులు మొదటిసారి భోజనానికొస్తే వేటమాంసం, అంటే మేకమాంసం, పెట్టి తీరాలన్నది ఆ ఇంటి ఆచారం. పెట్టలేదంటే రావద్దన్నట్టే లెక్క.

"పెడితే వాళ్ళ మొక్కు పోద్ది. పెట్టకపోతే మన పరువు పోద్ది" అన్నాడు గవర్రాజు.

"నాకెలాగూ తెలివి తక్కువ అన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి. "మేక గడ్డీ ఆకులూ తప్ప ఏమీ తినదు కదా. అప్పుడది శాకాహారమే కదా?"

గవర్రాజు ఆలోచనలో పడ్డాడు. నాగరత్నం ఒప్పుకోలేదు. "మేకల్ని నమ్మకూడదు. మొన్న ఒకటి మన పెళ్ళి ఫొటో నమిలేసింది. అందులో నేనున్నాను, మీ అన్నయ్య ఉన్నారు. ఇంక శాకాహారం ఎక్కడిది?"

మరే, అనుకున్నారు అన్నదమ్ములు.

నాగరత్నం అక్క కూతురు హిమజ కాకినాడలో కర్రీ పాయింట్ నడుపుతోంది. నాగరత్నం ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే, ఆ అమ్మాయి తీరిక చూసుకుని వాయిస్ మెసేజ్ పంపింది. ముగ్గురూ ఫోన్ చుట్టూ నేల మీద కూర్చుని విన్నారు.

"పిన్నీ, మాంసం లేకుండానే వేటకూర చెయ్యొచ్చు. గోధుమపిండి గట్టిగా ముద్ద కలపండి. తడిగుడ్డ కప్పి ఓ గంట దానికి విశ్రాంతి ఇవ్వండి. తర్వాత నీళ్ళలో పిసుకుతూ కడగండి. నీళ్ళు తేటపడేదాకా కడుగుతూనే ఉండాలి. పిండంతా పోయి సాగే ముద్ద మిగులుతుంది. అక్కణ్ణించి దాన్ని మాంసమే అనుకోండి. మాంసానికి ఏమేం చేస్తారో దీనికీ అన్నీ అలాగే చెయ్యండి."

"ఇంతేనా. ఇందులో తెలివి ఉపయోగించాల్సిన పనే లేదు" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, శనివారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ గంగాళంలో పిండి పోసి మోచేతులదాకా కూరుకుపోయి కలిపారు. ముద్ద తయారైంది. ఇక విశ్రాంతి. నేల మీద పడుకుంటే అదేం విశ్రాంతి అని నాగరత్నం పట్టెమంచం వాల్చి, దుప్పటి పరిచి, దిండు వేసి, ముద్దను పడుకోబెట్టింది. తడిగుడ్డ కప్పింది. తడిగుడ్డకి జలుబు చేస్తుందేమోనని పైన రగ్గు కప్పింది. గవర్రాజు పక్కన కుర్చీ వేసుకుని విసనకర్రతో ఈగలు తోలాడు.

"నాకెలాగూ తెలివి తక్కువ. అది పడుకుందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు తాతబ్బాయి.

గవర్రాజు రగ్గు ఎత్తి ముద్దను వేలితో పొడిచాడు. పడిన గుంట మెల్లగా పైకి లేచింది. "ఇంకా మెలకువగానే ఉంది" అన్నాడు. కాసేపాగి మళ్ళీ పొడిచాడు. ఈసారి గుంట గుంటలాగే ఉండిపోయింది. "ఇప్పుడు పట్టింది నిద్ర" అని గుసగుసగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే వీధిలో చేపలాయన బండి హారన్ కొట్టాడు. నాగరత్నం కాళ్ళకి చెప్పుల్లేకుండా పరిగెత్తి, "నెమ్మదిగా బాబూ, పిండి పడుకుంది" అంది. చేపలాయన ఆ పూట చేపల కంటే ఈ కబురే ఎక్కువ పంచాడు.

గంట అయ్యాక, ఉలిక్కిపడకుండా మెల్లగా లేపి, కడగడానికి కాలవ రేవుకి తీసుకెళ్ళారు. వియ్యంకులు తినేది కదా అని నాగరత్నం పసుపు సబ్బు కొత్తది విప్పి ఇచ్చింది. రేవు మెట్టు మీద గవర్రాజు చేతిలోంచి అది జారి కాలవలో పడిపోయింది. ఆ ఇంటికి దేవుడు చేసిన సాయం అదొక్కటే.

పిసికారు, కడిగారు. ముద్దలోంచి పాలలాంటి నీళ్ళు వచ్చాయి, పోయాయి. కానీ అప్పుడే కాలవకి కొత్తనీరు వదిలారు. కాలవంతా ఎర్రగా బురదగా పారుతోంది. నీళ్ళు తేటపడేదాకా కడగమంది హిమజ. ఎంత కడిగినా కాలవ తేటపడటం లేదు. ముద్దలో ఇంత మురికి ఉందని గవర్రాజు కలలో కూడా అనుకోలేదు.

"ఒరే, లాకుల దగ్గరికెళ్ళి కొంచెం తేట నీళ్ళు వదలమని చెప్పిరా" అన్నాడు తమ్ముడితో.

తాతబ్బాయి వెళ్ళి కాలవ కాపలా చూసే లస్కరును బతిమాలాడు. "పిండి కడుగుతున్నామండి. ఎర్రనీళ్ళు ఆపి తెల్లనీళ్ళు వదుల్తారా?" లస్కరు అతన్ని ఎగాదిగా చూసి, "కార్తీకంలో రండి, అప్పుడు తేటగా ఉంటాయి" అన్నాడు. తాతబ్బాయి థాంక్స్ చెప్పి, "ఆదివారానికి కావాలండి" అన్నాడు. లస్కరు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

తాతబ్బాయి తిరిగొచ్చేసరికి గవర్రాజు చేతిలో ముద్ద సగం కూడా లేదు. రేవు చుట్టూ చేపపిల్లలు గుంపుగా మూగి ఉన్నాయి. అంత ముద్ద ఏమైందని తాతబ్బాయికి అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, నోరు తెరు."

"ఎందుకురా?"

"తెరు ఒకసారి."

గవర్రాజు తెరిచాడు. లోపల పిండి లేదు. తమ్ముడు అన్నను అనుమానించడం ఇంటి గుట్టు కాబట్టి ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

నాగరత్నం వచ్చి ముద్దను లాగి చూసింది. సాగింది. వదిలితే మళ్ళీ ముడుచుకుంది. "సాగే ముద్ద వచ్చేసిందండీ" అంది.

"వస్తే వచ్చింది. నీళ్ళు తేటపడలేదు కదా" అన్నాడు గవర్రాజు మొండిగా.

రెండో స్థానమంటే ఊరికే రాదు. నాగరత్నం ఇంటికెళ్ళి బిందెలో నూతి నీళ్ళు తెచ్చి భర్త ముందు పెట్టింది. "ఇవి తేటగా ఉన్నాయా లేదా?" గవర్రాజు బిందెలోకి వంగి చూశాడు. ఉన్నాయి. అంతే, కడగడం అయిపోయింది.

ఆదివారం పొద్దున్న ముద్ద మాంసమైపోయింది. అనుకోమన్నారు, అనుకున్నారు. మాంసానికి ఏం చేస్తారు? మాంసం కొట్టు మస్తాను దగ్గర కొట్టిస్తారు. గవర్రాజు దాన్ని మేకపిల్లను మోసినట్టు భుజానికెత్తుకుని, తువ్వాలు కప్పి, మస్తాను కొట్టు ముందు వరసలో నిలబడ్డాడు. వెనక తాతబ్బాయి.

మస్తాను ముద్దను మొద్దు మీద వేసి అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటండి?"

"వేట. కూరకి కొట్టిపెట్టు."

మస్తాను మంచివాడు. వరసలో ఉన్నవాళ్ళకి కన్ను గీటి, "అలాగేనండి. తల ఎటువైపండి?" అని అడిగాడు.

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. ఆ గుర్తు పెట్టుకోలేదు. "నాకెలాగూ తెలివి తక్కువ" అన్నాడు తాతబ్బాయి. "మంచం మీద దిండువైపు ఉన్నదే తల కదా?" "కాలవలో తిరగేశాం కదరా" అన్నాడు గవర్రాజు దిగులుగా. సరేలెండి, తల సంగతి దేవుడెరుగు, అని మస్తాను చకచకా ముక్కలు కొట్టేశాడు. పొట్లం కడుతూ, "బాగా పెంచారండి. ఎముకే లేదు" అన్నాడు. వరసంతా గొల్లుమంది. తాతబ్బాయి కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. నవ్వేవాళ్ళతో కలిసి నవ్వేస్తే నొప్పి తక్కువని అతను ఎప్పుడో నేర్చుకున్నాడు.

గవర్రాజుకి మాత్రం నవ్వు రాలేదు. దారి పొడవునా ఎముకల బెంగే. ఎముక లేని వేటకూర పెడితే మంచి ముక్కలన్నీ వీళ్ళే దాచుకున్నారని వియ్యంకులు అనుకోరూ? నాగరత్నం పెరట్లో చెరుకుగడ నరికి, చెక్కు తీసి, చిన్న చిన్న ముక్కలు చేసి కూరలో వేసింది. చూడ్డానికి అచ్చం ఎముకలే. పీల్చుకుంటే మూలుగలాగా రసం కూడా వస్తుంది.

ఒక్క మాట నిజం చెప్పుకోవాలి. నాగరత్నం తెలివి ఎలాంటిదైనా చెయ్యి మంచిది. అల్లం, వెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి నూరి, ముక్కల్ని ముందు ఉప్పూకారం వేసిన నీళ్ళలో ఉడికించి, తర్వాత నూనెలో ఎర్రగా వేయించి, సన్నటి మంట మీద మగ్గబెట్టింది. పొయ్యి దగ్గర ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ వాసనకి వీధిలో వెళ్ళేవాళ్ళు నడక తగ్గించారు.

ధర్మారావు వచ్చాడు. గేటు ముందు ఆగి పచ్చరంగు రాత పూర్తిగా చదివాడు. నవ్వలేదు. "మంచి పని చేశారు. రాసి పెట్టుకుంటే మర్చిపోకుండా ఉంటాం" అన్నాడు. వెనక చంద్రకళ కూడా చదివి, ఫొటోలో ఎలా ఉందో అలాగే కళ్ళు మూసుకుని నవ్వింది. తాతబ్బాయి జేబులోంచి ఫొటో తీసి సరిచూసుకున్నాడు. గేటు మీద రాతను మెచ్చుకుని లోపలికొచ్చిన మొదటి సంబంధం ఇదే.

అరిటాకులు వేశారు. పప్పు, పచ్చడి, పెరుగు అన్నీ ఉన్నాయి. మధ్యలో కూర. "మీ మొక్కు మాకు తెలుసండి. ఇది మాంసం కాదు. నిర్భయంగా తినండి" అన్నాడు గవర్రాజు.

ధర్మారావు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు. చెరుకు ముక్క తీసి పీల్చాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "మూలుగ తియ్యగా ఉంది. లేత వేట" అన్నాడు. ఆ వెంటనే తను ఏమన్నాడో తనకే తెలిసొచ్చి, ఎడం చేత్తో ఫోన్ తీసి ఇంటికి చేశాడు. ఇంట్లో ఆయన భార్య ఎత్తింది. ఆవిడ గొంతు అందరికీ వినబడుతోంది.

"గేదె ఎలా ఉంది?"

"పడుకుందండి."

"పడుకుందా? నెమరేస్తోందా?"

"ఇందాకటిదాకా వేసింది. ఇప్పుడు ఆపింది."

"ఎప్పుడాపింది?"

"మీ ఫోన్ మోగింది కదండి, అప్పుడే."

ధర్మారావు చేతిలో ముద్ద ఆకులో పడిపోయింది. "నాకు మాంసం తినిపించి నా గేదె ఉసురు పోసుకుంటారా?" అన్నాడు.

"గోధుమపిండండి" అన్నాడు గవర్రాజు.

"పిండికి ఎముకలుంటాయా?"

"అవి చెరుకు ముక్కలండి" అంది నాగరత్నం.

"చెరుకు మసాలా వాసన వేస్తుందా?"

గవర్రాజుకి చప్పున హిమజ మెసేజ్ గుర్తొచ్చింది. సాక్ష్యం ఉంది కదా అని ఫోన్ తీసి వినిపించాడు. ఎక్కడ నొక్కాడో ఏమో, చివరి ముక్క ఒక్కటే గట్టిగా వచ్చింది. "దాన్ని మాంసమే అనుకోండి. మాంసానికి ఏమేం చేస్తారో దీనికీ అన్నీ అలాగే చెయ్యండి."

ఇంకేముంది. ధర్మారావు ఆకు ముందు నించి లేచాడు. చంద్రకళ కూడా లేచింది, కానీ ఆలస్యంగా లేచింది. అది తాతబ్బాయి చూశాడు. ఆమె గేటు దాటితే తన బతుకులో ఇంకెవరూ ఆ గేటు దాటి లోపలికి రారని అతనికి అర్థమైపోయింది.

"నాకెలాగూ తెలివి తక్కువండి" అన్నాడు. "గోధుమైతే విత్తితే మొలుస్తుంది కదండి. విత్తి చూద్దామా?"

మూడో స్థానం వాడి నోట ఇంత మాట వచ్చినందుకు గవర్రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. ధర్మారావు కూడా ఆలోచించాడు. ఆయన న్యాయం తెలిసిన మనిషి. "గోధుమ మొలిస్తే సంబంధం ఖాయం. వేట మొలిస్తే మా దారి మాది" అన్నాడు.

అంతే. పప్పూ పెరుగుతో భోజనాలు ముగించి పెరట్లో మడి తవ్వారు. మిగిలిన కూరంతా వరసగా జానెడేసి దూరంలో విత్తారు. ఎముకలు గట్టు వెంబడి నాటారు. గ్రేవీ ఎరువుకి పనికొస్తుందని పైన పోశారు. ఎండ తగలకుండా తిన్న అరిటాకులు కప్పి నీళ్ళు చల్లారు. తర్వాత మడి చుట్టూ కుర్చీలు వేసుకుని, మొలకలు వస్తే ముందు తామే చూడాలని రెప్పవేయకుండా కూర్చున్నారు. కడుపు నిండా పప్పూ పెరుగూ ఉన్నాయి, పైన మామిడి నీడ ఉంది. ఒక్కొక్కరి తలే వాలిపోయింది.

ముందుగా తాతబ్బాయికి మెలకువ వచ్చింది. మడి మధ్యలో తెల్ల మేక నిలబడి అరిటాకు నములుతోంది. నుదుటి మీద నల్లమచ్చ, మెడలో తాడు. పక్క వీధి చుక్కమ్మ మేకలాగా ఉందే అనుకున్నాడు. అంతలోనే, నాకెలాగూ తెలివి తక్కువ కదా, అనుకుని ఊరుకున్నాడు. మేక "మే" అంది. అందరూ లేచారు.

"మొలిచింది" అన్నాడు ధర్మారావు, గుండెల మీద చెయ్యేసుకుని.

గవర్రాజుకి ఏడవాలో పొంగిపోవాలో తెలియలేదు. "తాడుతో సహా మొలిచిందే" అన్నాడు నెమ్మదిగా. "అంతా నా మసాలా" అంది నాగరత్నం, ఆవిడ గొంతులోనూ కొంచెం గర్వం లేకపోలేదు.

"మీ కళ్ళతో మీరే చూశారు. వేట మొలిచింది. పదమ్మా" అన్నాడు ధర్మారావు కూతురితో.

తాతబ్బాయి ఇక ఉండలేకపోయాడు. "మావయ్యగారూ, అది చుక్కమ్మ మేకండి. ఆ మచ్చ నాకు తెలుసు. మనం నిద్రపోతుంటే ఆకుల కోసం వచ్చింది."

"చుక్కమ్మ ఎవరు? ఆవిడ కూడా ఈ మడిలోనే విత్తిందా?" అని అడిగాడు ధర్మారావు.

"ఊరుకోరా, పెద్దవాళ్ళ ముందు తెలివితక్కువ మాటలు" అని కసిరాడు గవర్రాజు. తాతబ్బాయి ఊరుకున్నాడు. జన్మానికి ఒక్క తెలివైన మాట అన్నాడు. దాన్ని నమ్మేవాడు ఆ పెరట్లో ఒక్కడూ లేడు, తనతో సహా.

అప్పటిదాకా నోరు విప్పని చంద్రకళ మడి దగ్గరికొచ్చి మేకను పరీక్షగా చూసింది. "నాన్నా, నాకూ తెలివి తక్కువే, ఇంట్లో అందరూ అంటారు. కానీ కంద భూమిలోంచి వస్తుంది, చేమ భూమిలోంచి వస్తుంది, చిలగడదుంప భూమిలోంచి వస్తుంది. అవన్నీ కూరగాయలే కదా. ఈ మేక కూడా మన కళ్ళ ముందు భూమిలోంచే వచ్చింది. మరి ఇది కూరగాయ కాకుండా ఎలా పోతుంది?"

ధర్మారావు మళ్ళీ ఇంటికి ఫోన్ చేశాడు.

"గేదె ఏం చేస్తోంది?"

"లేచి గడ్డి తింటోందండి."

"కూరగాయే" అన్నాడు ధర్మారావు, మొహం విప్పారి. "గవర్రాజుగారూ, మా మొక్కు చెక్కు చెదరలేదు. తాంబూలాలు మార్చుకుందాం."

తాతబ్బాయి చంద్రకళ వైపు చూశాడు. ఇంత తెలివైన మాట ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. మూడో స్థానం ఆమెకిచ్చి తను నాలుగోదానికి దిగిపోవడానికి అక్కడికక్కడే మనసులో ఒప్పేసుకున్నాడు. అతనికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తాంబూలాల పళ్ళెం బయటికి రాకముందే చుక్కమ్మ వచ్చింది. "నా మేక ఇటొచ్చిందా అండీ?"

"మీదేదో పోయిందేమోగాని, ఇది మా పంట" అన్నాడు గవర్రాజు.

"పంటేంటండి? నా చేతుల్తో పాలు పట్టి పెంచాను. ఆ తాడు కూడా నాదే."

"తాడూ ఇక్కడే మొలిచింది."

చుక్కమ్మకి ఈ ఇంటి సంగతి ఇవాళ కొత్త కాదు. వాదిస్తే పొద్దుపోతుందని తెలుసు. "సరేనండి. తాడు మీరు మొలిపించారు, అది మీరుంచుకోండి. మేకను నేను పెంచాను, అది నేను తీసుకెళ్తాను" అని, తాడు విప్పి తాతబ్బాయి చేతిలో పెట్టి, మేకను చెవి పట్టుకుని నడిపించుకుపోయింది. ఎవరిది వాళ్ళకి వచ్చింది కాబట్టి తీర్పు న్యాయంగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. మేక పోయింది, మరి పెళ్ళిభోజనాల్లోకి కూరగాయ ఏది? మళ్ళీ పిండి కలిపి, పడుకోబెట్టి, కడగాలంటే కార్తీకం దాకా కాలవ తేటపడదు. అప్పుడు చంద్రకళే దారి చూపించింది. ఏ తాడుకి మేక వచ్చిందో ఆ తాడునే నాటితే సరి. మొలిచిన మేక పారిపోకుండా తాడు రెండో కొస ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. అలాగే నాటారు. ముహూర్తం వరకూ వంతులవారీగా ఆ కొస పట్టుకుని కూర్చున్నారు. చంద్రకళ వచ్చినప్పుడల్లా తాతబ్బాయి తన వంతు అయిపోయినా లేచేవాడు కాదు. ఇద్దరూ ఒకే కొస పట్టుకుని, కదిలిందా కదల్లేదా అని గుసగుసలాడుకునేవాళ్ళు.

పెళ్ళిపందిరి మడి చుట్టూనే వేశారు. పీటల మీద కూర్చున్నా తాతబ్బాయి తాడు వదల్లేదు. పంతులుగారు ఎన్నో పెళ్ళిళ్ళు చేయించారు గాని, ఒక చేత్తో తాడు పట్టుకుని జీలకర్రాబెల్లం పెట్టిన పెళ్ళికొడుకును చూడటం ఇదే మొదలు. మాంగల్యధారణ దగ్గరికొచ్చేసరికి మూడు ముళ్ళకి రెండు చేతులూ కావాలి. తాతబ్బాయి తాడు కొస అన్నయ్యకిచ్చాడు. గవర్రాజుకి అక్షింతలు వెయ్యాలనిపించి నాగరత్నానికిచ్చాడు. నాగరత్నం అక్షింతల కోసం ధర్మారావుకిచ్చింది. ధర్మారావుకి ఒక్కగానొక్క కూతురు. ఆయన కళ్ళనీళ్ళతో రెండు చేతులా దోసిలి పట్టి అక్షింతలు జల్లాడు.

బాజాలు ఆగాక గవర్రాజు నాలుగు దిక్కులా చూశాడు. "తాడు ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరా లేదు. మడిలో తాడు కొస ఖాళీగా పడి ఉంది.

"మొలిచి పారిపోయింది" అంది నాగరత్నం.

ఇంకేముంది. గవర్రాజు కాలవ వైపు పరిగెత్తాడు, నాగరత్నం లాకుల వైపు, ధర్మారావు ఏటి వైపు. బాజాలవాళ్ళు డోళ్ళతో సహా కొబ్బరితోటల్లోకి పరిగెత్తారు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లేచి ఎవరికి తోచిన దారిన వాళ్ళు "మే, మే" అని పిలుస్తూ పోయారు. పంతులుగారు కూడా, అంతమంది పరిగెడుతున్నారంటే మేక ఉండే ఉంటుందనుకుని, పంచె ఎగగట్టారు. పందిట్లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మిగిలారు. తాతబ్బాయి తూర్పుకి వెళ్దామన్నాడు, చంద్రకళ పడమరకి వెళ్దామంది. కొంగుముడి వేసి ఉండటం వల్ల చివరికి ఇద్దరూ ఒకే దిక్కుకి పరిగెత్తారు.